రెండు డిజైన్ల అట్టలు

ఆ రోజుల్లో, అంటే మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఆ తెలివి తర్వాత ఏటేటా తగ్గుతూ వచ్చింది. హూడిలో జన్యుపరీక్షలు చేసే ల్యాబులో రక్తం గొట్టాలకు చీటీలు అంటించడం, మిషను కూత పెడితే పెద్దవాళ్లను పిలవడం నా పని. (కబ్బన్‌పేట బంధువులకు మాత్రం నేను డాక్టరమ్మను. నేనూ కాదనలేదు.) అందుకే మా మేనమామ మాత్రలు మానేశాడని తెలియగానే అత్త ఫోన్ చేసింది నాకే.

మామ పట్టుచీరలు నేస్తాడు. ముందటేడు ఆయనకు ఒక రకం రక్తపు క్యాన్సరు బయటపడింది. రోజుకో మాత్రతో కణాలు దారికొచ్చాయి, ఒంట్లో సత్తువొచ్చింది. దాంతో ఆయన ఎవరికీ చెప్పకుండా మాత్రలు అటకెక్కించాడు. కొత్త రిపోర్టులో కణాలు మళ్లీ పెరుగుతున్నాయి. అయినా “జరం తగ్గినాక ఎవురన్నా మాత్ర మింగతారా?” అని ఒకటే వాదన. డాక్టరు కోప్పడినా లెక్కచేయలేదు.

ఆదివారం నలభై బొమ్మలతో ల్యాప్‌టాప్ పట్టుకుని కబ్బన్‌పేటలో మామ ఇంట్లో దిగాను. “రెండు క్రోమోజోములు తెగి, దీని ముక్క దానికి అతుక్కుంది మామా. దాంతో పుట్టకూడని ప్రోటీన్ ఒకటి పుట్టింది. అది కణాల్ని పెరగమని తరుముతూనే ఉంటుంది, ఆగదు” అన్నాను. “ప్రోటీన్ ఎక్కువైందా? అయితే రేపట్నుంచి గుడ్డు బంద్” అంది అత్త. మామ ఆవలించాడు. నా గొప్ప పోతే పోయింది, మనిషి పోతాడేమోనని మొదటిసారి నిజంగా భయం వేసింది.

పన్నెండో బొమ్మ దగ్గర మామ లేచి మగ్గం దగ్గరికి నడిచాడు. మగ్గం పైన చిల్లుల అట్టలు వరుసగా కుట్టి ఉంటాయి. ఏ పోగును కొక్కెం పైకి లేపాలో ఆ చిల్లులే చెబుతాయి. “ఒగసారి నెమలి అట్టలు, మామిడిపిందె అట్టలు రెండూ తెగినాయమ్మా. కండ్లజోడు లేక దీన్ని తెచ్చి దానికి కుట్టేస్తిని. మగ్గానికేం తెలుసు? అట్ట చెప్పినట్ల నేసేస్తాది. తల నెమలిది, ఒళ్లు మామిడిపిందెది! నువ్వు చెప్పేది అదేనా?”

ల్యాప్‌టాప్ మూసేశాను. నలభై బొమ్మల్లోనూ అంత బాగా లేదు. “అదే మామా.”

“మరి మాత్ర ఆ అట్టల్ని విప్పి సరిగ్గా కుడతాదా?”

“లేదు. అట్టలు అట్లాగే ఉంటాయి. అవి లేపే కొక్కేన్ని మాత్రం లేవకుండా పట్టుకుంటుంది, అంతే.”

“అంటే చెయ్యి తీస్తే మళ్లా లేస్తాది.” మెల్లగా అడిగాడు. “ఇంత చిన్న మాత్రకు, ఒళ్లంతా ఎతికి ఆ ఒక్క కొక్కెం యాడుండాదో ఎట్ల తెలిసిందమ్మా?”

జవాబు చదువుకున్నదే. ఆ ప్రోటీన్‌లోని గుంట ఆకారానికి మందు ఆకారం సరిపోతుంది. చెప్పబోయి ఆగిపోయాను. అన్ని గొట్టాలకు చీటీలు అంటించాను గానీ, ఇందులో ఆశ్చర్యపోవలసింది ఉందని నాకు ఒక్కనాడూ తోచలేదు. ఇద్దరం అట్టలకేసి చూస్తూ నిలబడ్డాం. తర్వాత మామ అత్తను మాత్ర, నీళ్లు అడిగాడు.

మామ ఇంకా నేస్తున్నాడు, మాత్రా వేసుకుంటున్నాడు. వెళ్లినప్పుడల్లా “అట్టలు విప్పి కుట్టేది నేర్చుకుంటివా?” అని అడుగుతాడు. నలభై బొమ్మలు మోసుకొచ్చిన ఆ పిల్ల అయితే “వచ్చే ఏడాదికల్లా” అని చెప్పేసేది. నేను మాత్రం “ఇంకా లేదు” అంటాను.

“నిదానంగా నేర్చుకో. నేను యాడికీ పోను” అంటాడు మామ.