పోలీస్ స్టేషన్ లేని ఊరి మనిషి

1990 ఆగస్టు నెలాఖరు. కువైత్‌లోని ఖైతాన్. బస్సులు ఆగే వీధిలో ఒక టైపింగ్ షాపు, అందులో రెండు మిషన్లు, నేను. యజమాని ఈజిప్టు మనిషి. వేసవి సెలవులకు సొంతూరు వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చేలోపే ఇరాక్ సైన్యం వచ్చేసింది. తాళంచెవి నా దగ్గర ఉండిపోయింది కాబట్టి ఇరవై మూడేళ్ళకే మేనేజర్నయ్యాను. అభినందించడానికి మాత్రం ఎవరూ మిగల్లేదు.

మా పని తెలియనివాళ్ళకు రెండు మాటలు. ఇఖామా, అంటే నివాస అనుమతి, లైసెన్సు, వీసా, ఏది కావాలన్నా దరఖాస్తు టైపు చేయించుకోడానికి జనం మా దగ్గరికే వస్తారు. దరఖాస్తులో నింపాల్సిన ఒక్కో గడిని కాలమ్ అంటాం. ఏ కాలమూ ఖాళీ వదలకూడదన్నది యజమాని నాకు మొదటిరోజే నేర్పిన సూత్రం. యుద్ధం పుణ్యమా అని దరఖాస్తులన్నీ పోయి ఒకటే మిగిలింది, దేశం వదిలి పోయేవాళ్ళ పేరు నమోదు పత్రం. పని సులువైంది. అందరూ పోవాలనుకున్నది ఒక్కచోటికే, ఇక్కడ కాని చోటికి.

ఆ రోజుల్లోనే షేర్ జమాన్ వచ్చాడు. యాభై దాటిన పఠాను, నీళ్ళ ట్యాంకర్ డ్రైవరు. ఊరు వజీరిస్తాన్. పాకిస్తాన్ పడమటి అంచున, అఫ్ఘన్ సరిహద్దును ఆనుకుని ఉన్న కొండల జిల్లా. అతని పాస్‌పోర్టు కఫీల్ ఇంట్లో, అంటే పని ఇచ్చిన కువైతీ ఇంట్లో, బీరువాలో ఉండేది. కఫీల్ సౌదీకి తప్పించుకున్నాడు. ఇంటిని బీరువాతో సహా సైనికులు ఖాళీ చేశారు. ట్యాంకరూ పట్టుకున్నారు గాని, దాని గేర్లు వాళ్ళ మాట వినలేదు. డ్రైవరు కోసం రెండుసార్లు అతని గదికి వచ్చిపోయారు.

"మూడోసారి దొరికితే బండితోపాటు నన్నూ పట్టుకుపోతారు మున్షీ," అన్నాడు. రాతకోతలు చేసే గుమాస్తాను వాళ్ళు అలాగే పిలుస్తారు. "మా దేశంవాళ్ళను తీసుకెళ్ళే మంగళవారం బస్సులో నా పేరుండాలి."

సరే అని మొదలుపెట్టాను. పేరు, తండ్రి పేరు, ఊరు. తర్వాతి కాలమ్, ఆ ఊరు ఏ స్టేషన్ కిందికొస్తుందని.

"పోలీస్ స్టేషన్?"

"లేదు."

"పక్క ఊళ్ళో?"

"అక్కడా లేదు."

"జిల్లా మొత్తంలో?"

"మున్షీ, జిల్లా మొత్తంలో లేదు."

మూలన టీ కాస్తున్న ఓబులేసన్న తలెత్తాడు. రాజంపేట వైపు మనిషి, నా గదిలోనే ఉంటాడు. ఒక అరబ్బు ఇంట్లో వంట చేసేవాడు, ఆ ఇంటివాళ్ళు పారిపోయాక నా షాపులో తేలాడు.

"ఏందబ్బీ, పోలీసోళ్ళే లేరంట్యా? ఆ ఊరికి వీసా ఎట్ల దొరుకుతాదో అడుగు. మనిద్దరం అట్నే పోదాం."

నవ్వుకుంటూ నేను ఆ కాలమ్‌లో "వానా" అని కొట్టేశాను. వానా ఆ జిల్లాలో పెద్ద ఊరు. పెద్ద ఊరన్నాక స్టేషన్ ఉండకుండా పోతుందా అనుకున్నాను. కడప జిల్లాలో పుట్టినవాడి నమ్మకం అది. షేర్ జమాన్‌కు ఇంగ్లీషు రాదు. నేనూ చదివి వినిపించలేదు.

మర్నాడు వాళ్ళ దేశపు అధికారి ఒక బడిలో బల్ల వేసుకుని పేర్లు రాస్తుంటే, నేనూ తోడు వెళ్ళాను. ఆయన పత్రం చూసి కళ్ళద్దాలు తీశాడు.

"వానా పోలీస్ స్టేషనా? నేను ఆ పక్క జిల్లాలో మూడేళ్ళు పనిచేశాను. వజీరిస్తాన్‌లో పోలీసు లేడు. ఆ సంగతి తెలియనివాడు వజీరీ కాడు. సరిహద్దు అవతలి నుంచి వచ్చి మా బస్సెక్కుదామనా?"

"అది నేను రాసింది సార్. ఆయన లేదనే చెప్పాడు."

"నువ్వెవరు?"

"ఇండియన్ని."

ఆ మాట పెద్దగా సాయపడలేదు.

చివరికి ఆయన ఒక మెట్టు దిగాడు. "సోమవారం మధ్యాహ్నంలోపు వీళ్ళ తెగ మనిషిని ఒకణ్ణి తీసుకురండి. స్నేహితుణ్ణి కాదు. స్నేహితుడు ఏమైనా చెబుతాడు."

తిరిగొచ్చాక షేర్ జమాన్ తిడతాడనుకున్నాను. "మా ఊరికి లేని గౌరవం ఇచ్చావు, పోనీలే," అన్నాడంతే. తిట్టి ఉంటే బాగుండేది. ఓబులేసన్న పోసిన టీ తాగుతూ, అంతకు ముందురోజు అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడిగాను. "మరి మిమ్మల్ని ఏలేదెవరు?"

చెప్పాడు. వాళ్ళు జిల్లా అనరు, ఏజెన్సీ అంటారు, మనం గోదావరి మన్యాన్ని అన్నట్టే. తెల్లవాళ్ళు ఆ కొండలెక్కి కోటలు కట్టారు, దిగిపోయారు, మళ్ళీ ఎక్కారు. కుదరక, పొలిటికల్ ఏజెంట్ అని ఒక అధికారిని కూర్చోబెట్టారు. కలెక్టరూ ఆయనే, జడ్జీ ఆయనే. ఆయన తెగపెద్దలతో మాట్లాడతాడు, వాళ్ళు జిర్గా అనే పంచాయితీలో తేలుస్తారు. రోడ్డు మీద ప్రభుత్వ చట్టం, రోడ్డు దిగితే ఆచారం. ఒకడు నేరం చేసి పారిపోతే, ఆ తెగలో చేతికందినవాణ్ణి పట్టుకెళ్తారు. అది చట్టంలోనే ఉందట. మా సీమలోనూ ఒకడు నాటుబాంబు వేస్తే ఊరంతా స్టేషన్‌కు పోతుంది. దానికి చట్టం అక్కర్లేదు, ఎస్సై చాలు.

"సాక్ష్యానికి ఎవరున్నారు?" అన్నాను.

"ఉన్నవాళ్ళంతా స్నేహితులే."

ఓబులేసన్న గ్లాసులు కడుగుతూ అన్నాడు. "నా గురించి అడగాల్నంటే నాతో తగాదా పడిన మా చిన్నాయన కొడుకును అడగాల. నాకు పుట్టుమచ్చలెన్నో, నా చేని గట్టు ఎన్ని జానలో, అన్నీ చెప్తాడు నా కొడుకు!"

నేను దాన్ని హిందీలో చెప్పగానే షేర్ జమాన్ గ్లాసు కింద పెట్టేశాడు. అతనికీ ఒక దాయాది ఉన్నాడు. పేరు మీర్ బాజ్, రెండు సందుల అవతల రొట్టెల బట్టీలో పని. తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. పక్కనే బట్టీ ఉన్నా షేర్ జమాన్ రొట్టె కోసం బస్టాండు దాకా నడిచేవాడు. గడప తొక్కి సాయమడిగిన శత్రువును కాదనకూడదని వాళ్ళ ఆచారం. కానీ అడిగినవాడు తలవంచినట్టే లెక్క, అందుకే అడగడానికి ఎవడూ పోడు.

"నేను పోను. ఆ సైనికుల ట్యాంకరే తోలతాను."

"మీ ఇష్టం చాచా. కానీ అది ఇరాక్ దాకా తోలాలి. బట్టీ రెండు సందులే."

చాలాసేపు గడ్డం నిమురుకుని లేచాడు. వెంట నేనూ నడిచాను. కౌగిలింతలో కత్తులో, ఏదో ఒకటి చూస్తాననుకున్నాను. అవేమీ లేవు. షేర్ జమాన్ గడప దాటి నిలబడ్డాడు. మీర్ బాజ్ పిండి చేతులు దులుపుకుని, "కూర్చో," అన్నాడు. ఇద్దరూ ముఖాలు చెరోవైపు పెట్టుకుని టీ తాగారు. విషయం నేనే చెప్పాల్సి వచ్చింది.

సోమవారం అధికారి ముందు మీర్ బాజ్ మొదటి మాట: "ఇతను నాకు నచ్చడు."

"నేనడిగింది అది కాదు."

"అదే చెబుతున్నా సాహెబ్. పరాయివాడు నాకు నచ్చకపోవడమెందుకు? మా తాత నాటిన రెండు అక్రోటు చెట్ల కాయలు తొమ్మిదేళ్ళుగా వీడి ఇంటివాళ్ళే దులుపుకుంటున్నారు. వీడు మా బాబాయి కొడుకు. ఏడు తరాలు చెప్పమంటారా?"

చెప్పమన్నాడు. ఐదో తరం దగ్గర షేర్ జమాన్ అడ్డుపడ్డాడు, ఆ పేరు తప్పని. మీర్ బాజ్ బల్ల గుద్దాడు. క్యూ అంతా మా చుట్టూ మూగింది. అధికారి రెండు చేతులూ ఎత్తేశాడు. "చాలు! ఒకే ఇంటివాళ్ళే. ఈ సాక్ష్యం టైపు చేయించుకు రండి, ముద్ర వేస్తాను."

ఈసారి ప్రతి మాటా ఇద్దరికీ చదివి వినిపిస్తూ కొట్టాను. పోలీస్ స్టేషన్ కాలమ్‌లో "లేదు, పొలిటికల్ ఏజెంట్ పాలన" అని రాశాను. ముద్ర పడ్డాక షేర్ జమాన్ కార్బన్ కాపీ ఒకటి తనకిమ్మన్నాడు.

"బస్సుకు కాపీ అక్కర్లేదు చాచా."

"బస్సుకు కాదు. తొమ్మిదేళ్ళుగా కాయలు మావేనని వీడే ఒప్పుకున్నాడు. ఏజెంటుకు చూపిస్తా."

"అయితే నాకూ ఒకటివ్వు మున్షీ," అన్నాడు మీర్ బాజ్. "చెట్లు తాత నాటాడని కూడా అందులోనే ఉంది. తాత ఇద్దరికీ తాతే."

ఇద్దరికీ ఇచ్చాను.

మంగళవారం బస్సులో ఇద్దరికీ పక్కపక్క సీట్లు వచ్చాయి. మీర్ బాజ్ పేరు జాబితాలో ముందే ఉంది, షేర్ జమాన్ పేరు దాని కిందే చేర్చారు మరి. షేర్ జమాన్ కిటికీలోంచి చెయ్యి చాపి నా తల నిమిరాడు. ఏదో చెప్పబోతుండగా మీర్ బాజ్ రొట్టెల మూట విప్పి, అతని ఒళ్ళో ఒకటి పడేశాడు. షేర్ జమాన్ దాన్ని తిప్పి చూసి, ఒక వైపు మాడిందన్నాడు. బస్సు కదిలింది.

అప్పటినుంచి ఊహతో ఏ కాలమూ నింపలేదు. లేదని ఎవరైనా అంటే లేదనే కొడతాను, ఆపైన మరేముందో అడుగుతాను. కొంచెం ఆలస్యమవుతుంది. అయినా మనుషులు కూర్చుని తమ ఊరి సంగతి చెబుతారు. టీ ఖర్చు మాత్రం నాదే.