పసుపంటిన వత్తి తుపాకి

మొన్న నేనుండే ఈ అరబ్బు దేశంలో, జిదాఫ్స్ బజారులో ఒక పాత సామాన్ల దుకాణం ముందు ఆగి, గోడకు తగిలించిన వత్తి తుపాకి ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఊదితే ఎగిరిపోయేటంత తేలిక. ప్లాస్టిక్కుకు కర్రరంగు పూసి అమ్ముతున్నారు. తిట్టి కింద పెట్టి వచ్చానుగాని, అప్పటినుంచి నాకు ఒకచోట కుదురు లేదు. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే ఎటు పోవాలో తెలియదు. నా ఈడువాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అప్పట్లో ఇక్కడే తుబ్లీలోని ఒక వర్క్‌షాపులో గేట్లు, కిటికీ ఊచలు వెల్డింగు చేసేవాణ్ణి. మా నాయన కమ్మరి. కొలిమి దగ్గర పెరిగిన నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక, కాబట్టి కొలతలు కాగితం మీద రాసిచ్చినా నాకు ఎందుకూ పనికివచ్చేవి కావు. ఆ రోజుల్లో నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, అంటే మా కఫీల్, కొడుకు పెళ్లి కుదిరింది. ఇక్కడి పెళ్లిళ్లలో మగవాళ్లు వరసగా నిలబడి కత్తులు, తుపాకులు పట్టుకొని ఆడతారు. చూపు పూర్తిగా పోయిన కఫీల్ తండ్రి, తన తండ్రి పట్టిన వత్తి తుపాకి లాంటిది ఉంటేనే మనవడి పెళ్లి వరసలో నిలబడతానని, దాని బదులు కర్ర చేతికిస్తే ఇల్లు కదలనని పట్టుబట్టాడు. అసలుది ఎప్పుడో పోయింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, చేతులు చాపమని, కుడిచేతి వేళ్ల కొస నుంచి ఎడమ మోచేతి దాకా తడిమి, ఇంత పొడవని చూపించాడు. అంతే కొలత.

అది పేలకూడదు, పోలీసులతో పేచీ వద్దని కఫీల్ ముందే చెప్పాడు గనక, గొట్టం బదులు నిండు కడ్డీ వేసి, మూతి దగ్గర మాత్రం వేలెడు లోతు తొలిచాను. టేకు చెక్క గీకి, భుజానికి ఆనించే మడమ చేశాను. అసలు తంటా, మందుకు నిప్పంటించే వత్తిని పట్టే కొక్కెంతో వచ్చింది. కింద మీట నొక్కితే అది మెల్లగా తలవంచి, మందు పోసే చిన్న గిన్నె మీదికి రావాలి. నాది ఒకసారి దబ్బున పడేది, ఒకసారి కదిలేదే కాదు. అన్నం ముందు కూర్చుని చెంచాను మీటలాగా నొక్కుతున్నానని, నాతోపాటు పనిచేసే మా బామ్మర్ది నవ్వేవాడు. విరిగిన రంపపు బ్లేడు వంచి లోపల పెట్టాక గాని దారికి రాలేదు.

పెళ్లి రేపనగా పని అయింది. మా ఇంట్లో కొత్త ఇనుము పసుపు కుంకుమ పెట్టకుండా కొలిమి దాటదు. చెయ్యి దానంతట అదే తడి పసుపు మడమకు రాసేసింది, బొట్టూ పెట్టేసింది. నూనె పట్టని పచ్చి చెక్క దాన్ని పీల్చుకుంది. తుడిస్తే ఇంకా పాకింది.

"గిదేంది బావా? దసరా అనుకున్నవా? కఫీల్ సూత్తే మనమిద్దరం ఖలాస్!" అని బామ్మర్ది తల పట్టుకున్నాడు.

కఫీల్ చూడనే చూశాడు. పూజ గుర్తులున్నదాన్ని చుట్టాల ముందు తండ్రి చేతికి ఇవ్వనన్నాడు; మళ్లీ చేయడానికి పొద్దు లేదు, ఇక కర్రే గతి అన్నాడు. కొడుకు వెంట వచ్చి బయట కారులో ఉన్న ముసలాయన, తుపాకి తెమ్మని పక్కకు వంగి హారన్ మీద వేసిన చెయ్యి తియ్యలేదు. చివరికి తెచ్చి ఒళ్లో పెట్టారు. మూతి తడిమాడు. మీట నొక్కాడు. మడమను చెంపకు ఆనించి, వాసన చూసి ఆగాడు. అది పూజ పసుపని కఫీల్ చెప్పాడు.

"పెళ్లింట్లో గోరింటాకు కరువా? దీనికీ పెట్టండి, యల్లా, కానివ్వండి!" అన్నాడు ముసలాయన, నాకూ తెలియాలని వచ్చీరాని హిందీలో.

ఇంటి ఆడవాళ్లు తమ చేతులకు కలుపుకున్న గోరింటాకునే మడమంతా పట్టించారు. మర్నాటికి పసుపు కనబడకుండా ఎర్రగా పండింది. ఆయన వరసలో నిలబడి తుపాకి భుజం మీదికెత్తి ఆడుతుంటే అందరూ ఆయన ముఖం చూశారు, నేను మాత్రం కొక్కెం ఊడుతుందేమోనని దాన్నే చూస్తూ నిలబడ్డాను.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. పెళ్లిళ్లకు ఇప్పుడు ఆటగాళ్లే తుపాకులు తెచ్చి, ఆడి, తీసుకుపోతారు. వర్క్‌షాపులో కంప్యూటర్‌లోకి బొమ్మ ఎక్కిస్తే ఇనుమును మిషనే కోస్తుంది. మంచిదే, కుర్రవాళ్లకు నడుములు మిగిలాయి. పని ఇచ్చేవాళ్లకూ కొదవ లేదు. కానీ నా చెయ్యి పట్టుకొని, తన నాయనది ఇట్లా ఉండేదని తడిమి చెప్పినవాడు మళ్లీ నాకు ఒక్కడు తగల్లేదు.