అయిదువందల తొంభై కలిపితే

సూర్యకళ ఉద్యోగం మానేసిందని తెలిసిన రోజు చిమ్కోడ్‌లో సగం ఊరు ఆమెకు పెళ్లి కుదిరిందనుకుంది, మిగతా సగం కాలేజీవాళ్లు వెళ్లగొట్టారనుకుంది. ముప్పై ఏళ్ల మనిషి తనంతట తాను జీతమొచ్చే కుర్చీలోంచి లేచి వచ్చిందంటే ఎవరు నమ్ముతారు? తండ్రి గాలయ్యే నమ్మలేదు. మూడు రోజులు కూతురితో మాట్లాడలేదు. నాలుగో రోజు చేనుకు పోతూ పోతూ, "తినే కంచాన్ని తన్నుకున్నవ్ బిడ్డా" అని ఒక్క మాట అనేసి పోయాడు.

బీదర్‌లో ఓ ప్రైవేటు కాలేజీ ఆఫీసులో తొమ్మిదేళ్లు సర్టిఫికెట్లు రాసింది సూర్యకళ. ఆ పని ఎవరైనా చేస్తారు. ఎవరూ చేయలేని పని ఒకటి ఆమె చేతిలో ఉంది. తాత లక్ష్మయ్య నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివినవాడు. ఊళ్లో ఏ ఇంట్లో పాత భూమి కాగితం బయటపడినా ఆయనే చదివి చెప్పేవాడు. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ గొలుసుకట్టు రాతంతా నేర్పాడు. ఆ కాగితాల మీద నిజాం సర్కారు వాడిన ఫసలీ సంవత్సరాలుంటాయి. "అయిదువందల తొంభై కలుపు, మన సంవత్సరమొస్తది, అంతే" అనేవాడు. ఆ లెక్కతోనే ఊరి ముసలివాళ్లందరి వయసులూ తేల్చేవాడు.

ఈ జిల్లాలో పాత ఉర్దూ కాగితం లేని ఇల్లు తక్కువ. అది చదివే మనుషులు అంతకంటే తక్కువ. కోర్టులో పెట్టాలంటే కన్నడలో రాసివ్వాలి. తాత పోయాక జనం సూర్యకళను వెతుక్కుంటూ వచ్చారు. ఆమె సెలవు మీద సెలవు పెట్టి రాసిచ్చింది. ఆఖరికి నా పని ఇదేనని కుర్చీలోంచి లేచింది.

లేవడం సులువే. ఆ తర్వాత నిలబడటమే గగనమైంది. సెలవుల్లో ఉచితంగా రాసిచ్చినప్పుడు బంగారుతల్లి అన్న వకీళ్లు, ఇదే బతుకుతెరువని తెలియగానే చూద్దాంలే అన్నారు. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కి, కోర్టు వరండాలో సాయంత్రం దాకా కూర్చుని, ఆ డబ్బానే ఖాళీ చేసుకుని తిరిగొచ్చిన రోజులు ఎన్నో. కాలేజీ ఆఫీసు సూపరింటెండెంటు శివప్ప మంచివాడు. ఫోన్ చేసి, "సోమవారం దాంక నీ కుర్చీ ఖాళీగ ఉంచుత. ఆ తర్వాత నా చేతుల లేదు" అన్నాడు. అప్పటికి ఏడు నెలలైంది. ఆమెకు ఏడుపొచ్చింది. కుర్చీ ఉన్నందుకో, దాని మీద ఆశ పుట్టినందుకో ఆమెకే తెలియలేదు.

ఇన్ని రోజుల్లో ఆమెను నమ్మిన వకీలు మాణిక్యప్ప ఒక్కడు. ధన్నూర అనే ఊళ్లో ఉండే కాశీబాయి కాగితం ఇచ్చింది ఆయనే. "ఈ కేసు నిలబడితే కోర్టుల ఉర్దూ పని అంత నీ ఇంటికే వస్తది కళమ్మా" అన్నాడు. కాశీబాయి మామగారు ఎప్పుడో నాలుగెకరాలు కొన్న కాగితం అది. అమ్మినాయన మనవళ్లు ఇప్పుడొచ్చి అది దొంగ కాగితమంటున్నారు. సూర్యకళ ప్రతి అక్షరం రెండుసార్లు చదివి రాసిచ్చింది.

ఆ వారం ఆమె మాణిక్యప్ప ఆఫీసుకు వెళ్లేసరికి డెబ్బై ఏళ్ల కాశీబాయి బల్ల ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది.

"అయిపోయింది," అన్నాడు మాణిక్యప్ప. "నువ్వు రాసిన కన్నడ కాగితంల ఏముంది? అమ్మకం 1946 జనవరి. అవతలోళ్లు ఇంకో కాగితం పెట్టిండ్రు. అమ్మినాయన ఆ భూమి కొన్నదే 1946 డిసెంబర్ల. కొనకముందే ఎట్ల అమ్ముతడు? జడ్జి సాబ్ సోమవారం జవాబు చెప్పమన్నడు. నా దగ్గర జవాబు లేదు."

"నా మామ దొంగ కాదు సాబ్," అంది కాశీబాయి. "భూమి పోతె పోనియ్యి. ఊరంత ఆయన్ను దొంగ అంటున్నరు."

సూర్యకళ తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫోన్‌లో దాచుకున్న ఆ పాత కాగితం ఫోటో తెరిచింది. ఇస్ఫందార్ నెల, 1356 ఫసలీ. తాత నేర్పిన వరసలో వేళ్ల మీద లెక్కపెట్టింది. ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్. ఫసలీ సంవత్సరం మొదలయ్యేది ఆజూర్‌లో. అంటే అక్టోబర్‌లో. నవంబర్, డిసెంబర్, తర్వాత జనవరి. జనవరి వచ్చేసరికి మన సంవత్సరం మారిపోతుంది, ఫసలీ మారదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అయిదువందల తొంభై కలిపితే సరే. జనవరి నుంచి అయిదువందల తొంభై ఒకటి కలపాలి. అది 1946 కాదు, 1947. భూమి కొన్న నెల రోజులకే అమ్మాడు ఆయన. కాగితం నిజం. అబద్ధం చేసింది తనే.

మళ్లీ లెక్కపెట్టింది. చిమ్కోడ్ స్టాపు దాటిపోయినా లేవలేదు.

ఇంటికొచ్చి తండ్రికి చెప్పింది. "బాపూ, తాత చెప్పిన లెక్క తప్పు."

గాలయ్య ముఖం మాడిపోయింది. "సచ్చినోని మీద పెడుతున్నవా?"

"తాత వయసులు లెక్క జేసిండు. ఒక ఏడు అటిటు అయితె ఏమైతది. నేను కోర్టుకు రాసిన."

గాలయ్య వాకిలి వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎవరికి ఎరుక?" అన్నాడు.

"నాకే."

"అయితె నోరు మూసుకొని సోమవారం నౌకరీకి పో. గా శివప్ప పిలుస్తుండు గదా."

అదే కదా ఆమె మనసులోనూ ఉన్నది! మూడు రోజులు ఆ మాటే మనసును తొలిచింది. సోమవారం పొద్దున కాలేజీకి పోతే చాలు, ఈ తప్పు భూమ్మీద ఎవరికీ తెలియదు. కాశీబాయి ఓడిపోతుంది, దేశంలో ఎంతమంది ఓడిపోవడం లేదు! ఆమె ఆ మాట తనకు తాను చెప్పుకుని, చెప్పుకున్నందుకు తన మీద తనే మండిపడింది.

సోమవారం బస్సు దిగి కాలేజీ వైపు పది అడుగులు వేసింది కూడా. అక్కడే నిలబడిపోయింది. తర్వాత కోర్టుకు వెళ్లింది.

మాణిక్యప్ప విని తల పట్టుకున్నాడు. "నువ్వు చెప్తె ముసలమ్మ బతుకుతది. నీకు మాత్రం ఈడ ఎవ్వడు కాగితం ఇయ్యడు. సోంచాయించినవా?"

"సోంచాయించిన సార్."

బోనెక్కి చెప్పింది. అవతలి వకీలు ఊరుకుంటాడా? "ఇంతకు ముందు ఎన్ని కాగితాలు రాసినవమ్మా?" అని అడిగాడు.

"ముప్పై ఒకటి."

"అన్నిట్ల ఇదే లెక్కనా?"

"ఇదే లెక్క."

వెనక బెంచీల్లో వకీళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సరిచేసిన తేదీని జడ్జి తీసుకున్నాడు. సూర్యకళ బోను దిగింది. వరండాలో కాశీబాయి ఎదురైంది. "నీ వల్లనా బిడ్డా, ఇన్ని రోజులు మా మామను దొంగ అన్నది?" అని అడిగింది. సూర్యకళ అవునంది. ముసలామె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ పోవడం చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది.

మాణిక్యప్ప అన్నట్టే అయింది. ఒక్క కాగితం రాలేదు. శివప్ప ఖాళీగా ఉంచిన ఆమె కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. సూర్యకళ ముప్పై ఒక్క పేర్లు రాసుకుని ఇల్లిల్లూ తిరిగింది. పంతొమ్మిదింటిలో సంవత్సరం తప్పు. హళ్ళిఖేడ్‌లో ఒకాయన గడప కూడా తొక్కనివ్వలేదు, కాగితం చెరుకు బండి మీద పెట్టించి అక్కడే దిద్దించుకున్నాడు. ఇంకొకాయన నవ్వాడు. నవ్వినందుకే ఎక్కువ బాధేసింది. చివరి ఇంటి నుంచి వచ్చిన రోజు గడపలో కూలబడి, ఇక నా వల్ల కాదు బాపూ అని తండ్రి ముందు ఏడ్చింది. గాలయ్య నీళ్లచెంబు తెచ్చి పక్కన పెట్టాడు. కంచం మాట ఎత్తలేదు.

వారం తర్వాత మధ్యాహ్నం ఇంటి అరుగు మీద కాశీబాయి కూర్చుని ఉంది. ఒడిలో గుడ్డమూట.

"ధన్నూరల ఇంకో ఆరిళ్లల్ల కాగితాలున్నయి," అంది. "వాళ్లవి గూడ తెచ్చిన."

"నాకెందుకిస్తున్నవ్ అవ్వా? తప్పు రాసినదాన్ని."

"అందరు గట్లనే రాస్తరట, వకీలు చెప్పిండు. తప్పు ఏడున్నదో ఎరుకైంది నీకొక్కదానికే."

సూర్యకళ కొంగుతో చేతులు తుడుచుకుని పైనున్న కాగితం విప్పింది. సంవత్సరం వైపు పోతున్న చూపును ఆపుకుని, ముందుగా నెల పేరు చదివింది.