సున్నా అంటే పడని వెంకటపతిగారు

వెంకటపతిగారికి సున్నా అంటే పడదు. కొందరికి వంకాయ పడదు, కొందరికి మేనత్త పడదు. ఈయనకి మాత్రం సున్నాతో ముగిసే అంకె ఏది వినపడినా ఒళ్ళు మండేది. ఎవరైనా ‘నలభై’ అన్నా, ‘నూట ఇరవై’ అన్నా, ‘ఓ పది రోజులుగా దగ్గండి’ అన్నా చేతిలో కలం ఆగిపోయేది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ‘‘సరిగ్గా చెప్పు’’ అనేవారు. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో సరిగ్గా చెప్పలేను. చెప్పలేనందుకు ఇప్పుడు సిగ్గుగా కూడా ఉంది.

దివిసీమలో మా సర్కారు ఆసుపత్రిలో ఆయన ఓపీ రిజిస్టరు రాసేవారు. ఏ ఊరి ఆసుపత్రో చెప్పను. అక్కడివాళ్ళు సగం మంది ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు, నాతో సహా. ఆయన రోజూ బందరు నుంచి అవనిగడ్డ దాకా బస్సులో, అక్కణ్ణించి ఆటోలో వచ్చేవారు. వచ్చిన మనిషి పేరు, ఊరు, వయసు, జబ్బు, బీపీ ఆయన రిజిస్టరులోకి ఎక్కితేగాని డాక్టరుగారి గది తలుపు తెరుచుకునేది కాదు. పక్క బల్ల దగ్గర నేను కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని. ఆయన కాగితం మీద రాసింది నేను కంప్యూటర్లో ఎక్కించాలి. నా ఉద్యోగం అంతే. అంత చిన్న పనిని ఎంత పాడు చేశానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

రెండు వేల పంతొమ్మిది వేసవి. సముద్రం మీద చేపల వేట నిషేధం రోజులు. మా వైపు పాలేల్లో, అంటే వేటగాళ్ళ ఊళ్ళలో, మగవాళ్ళకి జబ్బు చేస్తే ఆ రెండు నెలల్లోనే చెయ్యాలి, మిగతా కాలంలో వాళ్ళకి తీరిక ఉండదు. ఆ రోజు నాంచారయ్య అనే వేటగాడు తలనొప్పని వచ్చాడు.

‘‘వయసెంత?’’

‘‘నలభై రాసుకోండి పంతులుగారూ.’’

‘‘రాసుకోడానికి నేనేమన్నా కథలు రాస్తున్నానా? సరిగ్గా చెప్పు.’’

‘‘అందరికీ అంతే రాస్తారు కదండీ!’’

‘‘డెబ్బై ఏడు ఉప్పెన నాటికి పుట్టావా?’’

‘‘పుట్టానంటండి. నాకు గుర్తులేదండి.’’

‘‘మీ అమ్మ ఉందా?’’

‘‘ఇంటికాడుందండి.’’

ఇల్లు మూడు కిలోమీటర్ల అవతల. వెంకటపతిగారు నాంచారయ్యని బల్ల మీద కూర్చోబెట్టి, ఎవరినో బతిమాలి మోటారు సైకిలు పంపించి, ముసలమ్మని రప్పించారు. కొడుక్కేదో అయిపోయిందని ఆవిడ గుండెలు బాదుకుంటూ దిగింది.

‘‘ఏం కాలేదమ్మా, ఊరుకో. ఉప్పెన వచ్చిన రోజున వీడు నడుస్తున్నాడా, పాకుతున్నాడా?’’

ఆవిడ ఏడుపు ఆపి ఆలోచించింది. ‘‘చంకలో ఉన్నాడు బాబూ. మూడో నెల. ఒక చేత్తో తాటిచెట్టు, ఒక చేత్తో ఈడు.’’

ఆయన వేళ్ళు మడిచి లెక్కేసి, ‘నలభై ఒకటి’ అని రాసి, ఆ అంకె వైపు ముద్దుగా చూసుకున్నారు. ఒక్క ఏడాది కోసం ఒక పూటంతా పోయింది. వెనక వరసలో ముప్పై మంది, ఆయన లెక్కలో ముప్పై నలుగురు, పళ్ళు నూరుతున్నారు. నేను కంప్యూటరు వెనక తల దాచుకుని నవ్వుకున్నాను.

తర్వాతి ఘట్టం బీపీ. చూసేది రాహేలు సిస్టరు. మంచి మనిషే కానీ చేతికి పట్టీ చుట్టకుండానే బీపీ చెప్పే మహిమ ఆవిడకి ఉండేది.

‘‘నూట ఇరవై, ఎనభై.’’

‘‘సిస్టరుగారూ, పట్టీ ఇంకా మీ చేతిలోనే ఉందండి.’’

‘‘చూస్తే తెలీడంలేదాండీ? ఎద్దులా ఉన్నాడు!’’

‘‘ఎద్దుకైనా చుట్టాలండి.’’

విసుక్కుంటూ చుట్టింది. నూట యాభై ఎనిమిది, తొంభై ఆరు. సిస్టరు మొహంలో విసుగు పోయింది. మళ్ళీ చూసింది, మళ్ళీ అంతే. నాంచారయ్యకి ఆ రోజు నుంచి బీపీ మాత్రలు మొదలయ్యాయి.

ఈ లోకంలో వెంకటపతిగారికి నిజంగా నచ్చిన మనుషులు పురోహితులు. ‘‘చూశావా సుమతమ్మా, ముహూర్తం తొమ్మిది నలభై ఏడుకి పెడతారుగాని తొమ్మిదిన్నరకి పెట్టరు. లెక్కంటే అదీ!’’ అనేవారు. ఆ నలభై ఏడో నిమిషానికి పెళ్ళికొడుకు ఇంకా గడ్డం గీసుకుంటూ ఉంటాడు కదండీ అంటే వినిపించుకునేవారు కాదు.

ఇక నా సంగతి. రోజుకి నూట యాభై వరసలు ఎక్కించాలని పైనుంచి హుకుం. కరెంటు ఓసారి పోయేది, ఇంటర్నెట్టు ఓసారి పోయేది. ఆయన రాసే నలభై ఒకట్లు, ముప్పై ఏడులు, నూట యాభై ఎనిమిదులు ఒక్కొక్కటీ కొట్టేసరికి వేళ్ళు పడిపోయేవి. ఒక రోజు దగ్గరదారి కనిపెట్టాను. మొదటి గడిలో నలభై, పక్కన నూట ఇరవై, ఎనభై కొట్టి, మౌసుతో పట్టుకుని కిందికి లాగితే వంద మందికి ఒకేసారి పడిపోతాయి. మనిషి మరీ ముసలైతే యాభయ్యో, అరవయ్యో. పేర్లు మాత్రం సరిగ్గానే కొట్టాను. అదే పెద్ద న్యాయం చేశాననుకున్నాను.

ఆయనకి కంప్యూటరంటే భయమూ భక్తీ. తెర వైపు చూసేవారు కాదు. చుట్టరికం లేకపోయినా నేనాయన్ని మావయ్యగారూ అనేదాన్ని. సాయంత్రం వెళ్ళబోతూ అడిగేవారు.

‘‘అంతా ఎక్కిందామ్మా?’’

‘‘ఎక్కిందండి మావయ్యగారూ.’’

‘‘పొల్లు పోకుండా?’’

‘‘పొల్లు పోకుండానండి.’’

రెండు వేల ఇరవై ఒకటిలో అరవై నిండాయని ఆయన్ని ఇంటికి పంపారు. సున్నా చివరికి కక్ష తీర్చుకుందని మేమంతా నవ్వుకున్నాం. ఆయన ఒక్కరే నవ్వలేదు. ఆయన వెళ్ళాక పాత రిజిస్టర్లకి చెద పట్టింది. కొత్త డాక్టరుగారు, ‘‘కంప్యూటర్లో ఉన్నాయిగా?’’ అన్నారు. ఉన్నాయన్నాను. ఆసుపత్రి వెనక తగలబెట్టించారు. నేనే దగ్గరుండి చూశాను.

తర్వాత బీపీ ఉన్నవాళ్ళకి ఇంటికే మాత్రలు ఇచ్చే ఏర్పాటు వచ్చింది. ఎవరెవరికి ఇవ్వాలో జాబితా కంప్యూటరే తీసింది. అందులో నాంచారయ్య లేడు. కంప్యూటర్లో అతని బీపీ నూట ఇరవై, ఎనభై. జాబితాలో పేరు లేదంటే జబ్బు తగ్గిపోయిందనుకుని అతను మాత్రలు మానేశాడు. ఏడాది తిరక్కుండా ఒక ఉదయం పక్షవాతం వచ్చి పడవలోనే కూలబడ్డాడు. ప్రాణం దక్కింది, ఎడమ చెయ్యి దక్కలేదు. నాకు విషయం తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అంతకంటే మంచి కారణం ఏదీ లేదు.

పోయినేడు ఓ మెడికల్ కాలేజీ నుంచి డాక్టర్ తేజస్విని అని ఒకావిడ వచ్చింది. ఆసుపత్రుల్లో రోజూ మామూలుగా రాసి పెట్టుకునే లెక్కలే తీసుకుని ఆవిడ పరిశోధన చేస్తుంది. కొత్తగా ఎవరికీ సూది గుచ్చక్కర్లేదు. సముద్రం పక్క ఊళ్ళలో తాగేనీళ్ళు ఉప్పు కదా, అక్కడివాళ్ళకి బీపీ చిన్న వయసులోనే వస్తోందా అన్నది ఆవిడ ప్రశ్న. అవునని తేలిన ఊళ్ళకి మంచినీళ్ళు, వారం వారం బీపీ పరీక్ష అడుగుతానంది.

నా లెక్కలు ఓ గంట చూసి నవ్వింది.

‘‘ఏమండీ, మీ పాలెంలో అందరూ ఒకే రోజు పుట్టారా? ఒక్కరికీ బీపీ లేదే! ఇక్కడ ఉప్పునీళ్ళు కాదు, అమృతం తాగుతున్నట్టున్నారు.’’ తర్వాత నవ్వు ఆపేసింది. ‘‘ఇవి పనికిరావు. అసలు రిజిస్టర్లేవి?’’

‘‘తగలబెట్టామండి.’’

‘‘అయితే మీ పాలేన్ని వదిలెయ్యాల్సిందే.’’

ఆ ఆదివారం బందరు వెళ్ళాను. వెంకటపతిగారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. మౌసు లాగడం దగ్గర్నుంచి నాంచారయ్య చెయ్యి దాకా అంతా చెప్పేశాను. తిడతారని తల వంచుకున్నాను. తిడితే బాగుండేది.

‘‘చెయ్యి ఎంతవరకు లేస్తోంది?’’ అన్నారు పేపరు మడిచి పక్కన పెట్టి.

‘‘కొంచెం లేస్తోందటండి.’’

‘‘కొంచెమంటే?’’

నాకు తెలీదు. చూడ్డానికి వెళ్ళనే లేదు. అక్కడే ఏడ్చేశాను. ఆయన లేచి చొక్కా వేసుకున్నారు.

‘‘పాలెంలో ఇళ్ళకి వెళ్ళి అడిగావా?’’

‘‘లేదండి. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?’’

‘‘ఉన్న మొహమే పెట్టుకుని పద.’’

నాంచారయ్య చూరు కింద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఒక కొస కాలి బొటనవేలికి తగిలించుకుని కుడి చేత్తో అల్లుతున్నాడు. ఎడమ చెయ్యి ఒళ్ళో ఉంది. అతని భార్య కనకరత్నం మమ్మల్ని చూసి, ‘‘పంతులుగారొచ్చారు!’’ అని అరిచి, నేను నోరు తెరిచేలోపే లోపలికెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. ఆధారు, రేషను కార్డు, వాటి మధ్య అరచేతంత అట్టముక్క. మందుల పెట్టె కత్తిరించింది. దాని మీద వెంకటపతిగారి గుండ్రటి దస్తూరీ. నాంచారయ్య, నలభై ఒకటి. కింద తేదీలు, ఒక్కో తేదీకి ఎదురుగా ఒక్కో బీపీ. పెద్ద అంకె వచ్చిన చోట ఎర్ర గీత.

‘‘చదువు రాదు కదండీ మాకు. ఎర్ర గీత ఉంటే మాత్ర మానకూడదని చెప్పారు. జాబితాలో పేరు లేదనేసరికి ఈ గీత పాతబడిపోయిందనుకున్నాం,’’ అంది కనకరత్నం.

ఇలాంటిది ఇంటింటికీ ఉంది. సాయంత్రం మేమంతా వెళ్ళిపోయాక, ఈయన ఒక బస్సు వదులుకుని ఆసుపత్రిలో కూర్చుని అట్టలు కత్తిరించి రాసేవారట. మాకెవరికీ తెలీదు.

‘‘రిజిస్టరు ఆసుపత్రిదమ్మా, లెక్క మనిషిది,’’ అన్నారాయన. ‘‘వీళ్ళు వేటకి ఏ రేవుకి పోతారో తెలీదు. అక్కడి డాక్టరుకి చూపించుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. నలభై అని రాస్తే ఊరంతా వీడే. నలభై ఒకటని రాస్తేనే వీడు వీడు.’’

నాంచారయ్య అట్ట మీద ఆఖరి తేదీ ఆయన రిటైరైన నెలది. ఆ కింద ఖాళీ. ఆ ఖాళీ నాది. కంప్యూటర్లో నేను తప్పు ఎక్కించబట్టే జాబితాలో పేరు రాలేదని మొగుడూపెళ్ళాలిద్దరికీ చెప్పాను. నాంచారయ్య తలెత్తకుండా వల అల్లుకుంటూ పోయాడు.

‘‘నీ మీద కోపం లేదని అనను,’’ అంది కనకరత్నం. ‘‘ఉంది. ముందు కూర్చుని ఆ అట్టలన్నీ రాసుకో.’’

నాలుగు రోజులు తిరిగాం. మూడు వందల పన్నెండు అట్టలు దొరికాయి. ఒక్కో అంకె చదివి, రాసి, మళ్ళీ సరిచూసుకున్నాను. డాక్టర్ తేజస్వినికి ఫోటోలు పంపిస్తే, ‘‘ఇలాంటి లెక్కలు నేనెక్కడా చూళ్ళేదు. మీ పాలేన్ని మళ్ళీ కలుపుకుంటున్నా,’’ అంది. వెంకటపతిగారికి ఆ మాట చెబితే, ‘‘మూడు వందల పన్నెండేనా? ఇంకొకటుండాలే,’’ అన్నారు.

ఉంది. నాంచారయ్య తల్లి తన అట్టని ఎవరికీ చూపించనని నాలుగు రోజులుగా మొండికేసింది. ఆఖరికి పంతులుగారి మొహం చూసి బొడ్లోంచి తీసిచ్చింది. చూసి నా కళ్ళు తిరిగాయి. వయసు: తొంభై.

‘‘మావయ్యగారూ! సున్నా!’’

ఆయన మొహం ఎర్రబడింది. నన్ను పడవ చాటుకి లాక్కెళ్ళి గొంతు తగ్గించారు.

‘‘రిజిస్టరులో డెబ్బై నాలుగే రాశానమ్మా, ఒట్టు. ఈవిడ అత్తగారు ఎనభై తొమ్మిదికి పోయిందట. కోడలిగా జీవితమంతా పడింది, వయసులోనైనా ఆవిణ్ణి దాటాలని పట్టుదల. తొంభై రాస్తేగాని మాత్ర మింగనంది. బీపీ చూస్తే నూట డెబ్బై ఆరు. ఏం చెయ్యమంటావు?’’

వెనక్కొచ్చి కూర్చుని, అట్ట రాసి ఐదేళ్ళయింది కాబట్టి అవీ కలిపి డెబ్బై తొమ్మిది అని రాసుకున్నాను. ముసలమ్మ నా మీదికి వంగింది.

‘‘ఎంత రాశావే పిల్లా?’’

అంకెల్లో ఇక జన్మలో అబద్ధమాడనని నాలుగు రోజుల క్రితమే ఒట్టేసుకున్నాను. వెంకటపతిగారి వైపు చూశాను. ఆయన శ్రద్ధగా సముద్రాన్ని చూస్తున్నారు.

‘‘తొంభై ఐదు, మామ్మా.’’

ఆవిడ నడుం నిటారుగా చేసుకుని కోడలి వైపు తిరిగింది. ‘‘ఇన్నావా? మా అత్త ఎనభై తొమ్మిదికే పోయింది.’’

కనకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నాలుగు రోజుల్లో మొదటిసారి నా కళ్ళలోకి చూసి నవ్వింది.