చుక్క కారకుండా ఎండిపోయే వ్యాను

సోమవారం పొద్దున పది గంటలు. ఆస్ట్రేలియా ఎడారి ఊరు బ్రోకెన్ హిల్‌లో ఎండ అప్పుడే నలభై రెండు డిగ్రీలు దాటింది. క్లైవ్ పెంగెల్లీకి కడుపులో ఎలకలు పరుగెడుతున్నాయి. నాలుగింటికి లేచి రెండు బిస్కట్లు నమిలిన మనిషి, మళ్ళీ ఏమీ తినలేదు. ఎదురుగానే రొట్టెల కొట్టు ఉంది, మాంసం కూరి కాల్చిన వేడివేడి రొట్టెల వాసన రోడ్డు దాటి వస్తోంది. కానీ రస్సెల్ గారేజీలో తన టపా వ్యాను నోరు తెరుచుకుని నిలబడి ఉంటే, దాన్ని వదిలి కదలబుద్ధి కావడం లేదు.

పదకొండేళ్ళుగా మంగళవారం, శుక్రవారం ఉత్తరాన ఉన్న గొర్రెల ఫారాలకి టపా మోస్తున్నాడు క్లైవ్. ఈ నెలలో రెండుసార్లు వ్యాను దారిలోనే ఉడికి ఆగిపోయింది. ఇంకొక్కసారి ఆగిందంటే ఆ పని ఇంకొకడికి ఇచ్చేస్తామని పైవాళ్ళు కాగితం పంపారు.

"రేడియేటర్ మార్చా, పంపు మార్చా, గొట్టాలు మార్చా," అన్నాడు గారేజీ యజమాని రస్సెల్, చేతులు తుడుచుకుంటూ. "కింద చుక్క తడి లేదు. ఇంజిన్ని చల్లబరిచే కూలెంట్ నీళ్ళు మాత్రం మాయం. ఇంజినే మార్చెయ్ క్లైవ్, గొడవ వదిలిపోద్ది."

"ఇంజిన్ మార్చే బదులు నన్ను మార్చెయ్, చవగ్గా అయిపోద్ది."

వ్యాను కింద నుంచి రెండు బూట్లు బయటికొచ్చాయి, వాటి వెనక వింకో. అతను రస్సెల్ దగ్గర నాలుగేళ్ళుగా పని చేస్తున్నాడు. గారేజీ వెనక కారవాన్‌లో, బండికి తగిలించి లాక్కుపోయే చక్రాల ఇంట్లో, కాపురం. ఉల్లిపాయ, రొట్టె తింటాడు, రోజుకి పది మాటలు మాట్లాడతాడు. అందులో ఆరు ప్రశ్నలే.

"నీళ్ళ మట్టం ఎప్పుడు చూస్తావ్?"

"గుర్తొచ్చినప్పుడు."

"ఇంజిన్ వేడి మీదా, చల్లగా ఉన్నప్పుడా?"

"ఎలా ఉంటే అలా."

"అంటే చూడనట్టే." వింకో తెల్ల పెయింటు తెచ్చి కూలెంట్ సీసా మీద నీళ్ళున్న మేరకి సన్నగా గీత గీశాడు. "వేడెక్కితే నీళ్ళు పొంగుతాయ్. రోజూ తెల్లారకముందే చూడాలి. వేడి చూపే మీటర్లో సూదిని నమ్మొద్దు. ఈ కొత్త బళ్ళలో అది మధ్యలోనే కూర్చుని మర్యాదగా అబద్ధం చెప్తుంది. కొంప అంటుకున్నాక గానీ లేవదు."

మంగళవారం క్లైవ్ దేవుణ్ణి తలుచుకుని బయల్దేరాడు. క్షేమంగా తిరిగొచ్చాడు. బుధవారం తెల్లారకముందే ముగ్గురూ సీసా మీదికి వంగారు. నీళ్ళు గీత కన్నా పైనే ఉన్నాయి.

రస్సెల్ పడీపడీ నవ్వాడు. "శభాష్! కూలెంట్ తాగడం మానేసి పిల్లలు పెడుతోంది!"

వింకో నవ్వలేదు. ఒక గాజు గ్లాసులో కొంచెం తీసి వెలుతురుకి పెట్టాడు. సోమవారం గులాబీ రంగులో ఉన్నది, ఇప్పుడు పలచబడి కుడితినీళ్ళలా ఉంది.

"ఎవరు పోశారు?"

"ఎవరూ పొయ్యలేదు! ఒట్టు!"

"మరి వానొచ్చిందా?"

క్లైవ్ ఆకాశం వైపు చూశాడు. వాన పడి ఏడు నెలలైంది.

శుక్రవారం వింకో సీసా మూతకి టేపు చుట్టి, టపా సంచుల మధ్య తనూ ఎక్కి కూర్చున్నాడు. మొదటి మజిలీ ఐవీ ఫారం. ఐవీకి డెబ్భై దాటాయి. క్లైవ్ రాగానే టీ, కేకు బల్ల మీద పెట్టి లోపల కూర్చోబెడుతుంది. ఆ రోజూ అలాగే కూర్చున్నాడు. నోట్లో కేకు ఉండగానే బయట వింకో కేక వినబడింది.

"అమ్మా, ఆగు! మొహం కాలిపోద్ది!"

క్లైవ్ పరుగెత్తాడు. బానెట్ ఎత్తి ఉంది. ఐవీ ఒక చేత్తో తడి తువ్వాలు మూత మీద వేసి తిప్పుతోంది, రెండో చేతిలో కూజా ఉంది. టేపు తెగి నేల మీద పడి ఉంది.

"ఏం కాలదులే నాయనా, ఇవ్వాళ కొత్తా?" అంది ఐవీ. "మా ఆయన బండి ఒకసారి నీళ్ళు లేక నలభై మైళ్ళ అవతల ఆగిపోయింది. రెండు రోజులు వెతికాం. అప్పట్నుంచి మా గేటు దాటే బండి దాహంతో పోలేదు."

"నాకెప్పుడూ చెప్పలేదే!" అన్నాడు క్లైవ్.

"బండికి నీళ్ళు పోసి కూడా చాటింపు వెయ్యాలా?"

తర్వాతి ఫారంలోనూ అంతే. ఆ తర్వాతా అంతే. ఐదు ఫారాల్లో ఐదుగురు, క్లైవ్ టీ తాగుతుంటే తామొక్కరమే అనుకుంటూ ఏళ్ళ తరబడి వ్యానుకి నీళ్ళు పట్టిస్తున్నారు. అన్నీ బోరు నీళ్ళే. వింకో వేలు ముంచి నాకి, ఉమ్మేశాడు.

"ఉప్పు."

తిరుగుదారిలో అతను మాట్లాడినంతగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఇంజిన్ వదిలే పొగలో కొంత మళ్ళీ లోపలికే పోతుంది, దాన్ని చల్లబరచడానికి పక్కన చిన్న డబ్బా ఉంటుంది. దాని చుట్టూ తిరిగేది కూలెంటే. ఉప్పు నీళ్ళు ఆ డబ్బాని లోపల తినేసి ఉంటాయి. కూలెంట్ ఇంజిన్లోకి జారి, కాలిపోయి, పొగతో పాటే పోతోంది. నేల మీద చుక్క ఎందుకు పడుద్ది?

"ఆగిపోయిన రెండుసార్లూ ఐవీ ఇంట్లో ఉందా?"

క్లైవ్ ఆలోచించి స్టీరింగ్ మీద కొట్టాడు. "మిల్డూరాలో చెల్లెలింట్లో ఉంది! రెండుసార్లూ రెండో ఫారం చేరకముందే ఉడికింది!"

"పాడు చేసిందీ ఆమే, ఇన్నాళ్ళు నడిపిందీ ఆమే."

శనివారం డబ్బా విప్పితే లోపల పుచ్చిపోయిన పన్నులా ఉంది. అడిలైడ్ నుంచి కొత్తది సోమవారం వచ్చింది. వింకో ఉప్పంతా కడిగి, కొత్త కూలెంట్ నింపి, గీత మళ్ళీ గీశాడు. ఇక మిగిలింది ఐవీకి చెప్పడం. అదే క్లైవ్ వల్ల కావడం లేదు. నీళ్ళు వద్దంటే ఆ ఇంటి గడప మీద ఉమ్మినట్టే.

మంగళవారం వింకో మళ్ళీ వెంట వెళ్ళాడు. ఐవీ కూజాతో రాగానే ఎదురెళ్ళాడు.

"బండికి వద్దమ్మా. నాకు పొయ్యి."

ఆ ఉప్పు నీళ్ళు కూజాడూ గటగటా తాగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఐవీ అతని మొహం చూసి, కూజా అడుగు చూసి, ఫక్కున నవ్వింది.

"ఇంత చెడ్డగా ఉంటాయా! ఇన్నేళ్ళూ ఒక్క బండీ చెప్పలేదు. ఉండు నాయనా, వాన నీళ్ళు దాచాను, తెస్తా."

వ్యానుకి బోరు నీళ్ళు పొయ్యొద్దని మిగతా నలుగురికి ఐవీయే ఫోన్లు చేసి చెప్పింది. బుధవారం తెల్లవారుజామున నీళ్ళు సరిగ్గా గీత మీద ఉన్నాయి. శుక్రవారం వెళ్ళొచ్చాక, శనివారం కూడా అక్కడే ఉన్నాయి. క్లైవ్ పని క్లైవ్‌దే అని పైనుంచి ఫోనూ వచ్చింది.

దాంతో ఫారాల వాళ్ళంతా కలిసి ఆ ఆదివారం గారేజీ వెనక గొర్రెపిల్లని కాల్చి వింకోకి విందు పెట్టాలనుకున్నారు. ఆ మాట చెప్పినప్పుడు వింకో స్పానరు ఆపి అడిగింది ఒకటే.

"ఎంతమంది?"

"ముప్పై దాకా వస్తారు. నువ్వు నాలుగు మాటలు మాట్లాడాలట!" అన్నాడు క్లైవ్, ఉత్సాహంగా.

ఆదివారం పొద్దున క్లైవ్, రస్సెల్ బల్లలు మోసుకుని గారేజీ వెనక్కి వెళ్తే, కారవాన్ లేదు. చక్రాలు ఆనిన చోట ఎర్రమట్టి లోతుగా నొక్కుకుని ఉంది.

"నాక్కూడా చెప్పలేదు," అన్నాడు రస్సెల్, బుర్ర గోక్కుంటూ. "తాళాలు బల్ల మీద పెట్టి పోయాడు. నాలుగు మాటలని ఎందుకన్నావురా వాడితో?"

క్లైవ్ చేతిలో బల్ల అలాగే ఉండిపోయింది. అప్పటికే గేటు దగ్గర మొదటి బండి హారన్ కొడుతోంది.