పెళ్ళికార్డు మీద డిగ్రీ

పెళ్ళికార్డు మీద కోడలి డిగ్రీ అచ్చు వేయించిన వాళ్ళెవరినీ మా ఆడపడుచు పరంజ్యోతి వదిన ఊరికే వదిలిపెట్టదు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. అప్పటినుంచీ ఇదే ఆవిడ డ్యూటీ.

ఆమదాలవలసలో మా చర్చివాళ్ళ పెళ్ళి. అందరూ కానుకల కవర్లతో స్టేజి ఎక్కుతుంటే, ఆవిడ కార్డు పట్టుకుని ఎక్కింది.

"పెళ్ళికూతురికి ఎమ్మెస్సీ అని ఏసినారు. పన్లోకి ఎప్పుడు తోల్తారు?"

పెళ్ళికొడుకు తండ్రి మీసం సవరించుకున్నాడు. "మా కోడలికి ఉద్యోగం సేయాల్సిన కర్మేటమ్మా?"

"మరి కార్డు మీద ఎందుకేసినావు? బిర్యానీ మీద జీడిపప్పులాగేటి?"

వీడియో అబ్బాయి అదంతా కెమెరాలో పట్టేశాడు.

కొన్నాళ్ళకి వాళ్ళింటికే వెళ్ళి గుమ్మంలో అరిచింది. "ఎమ్మెస్సీ ఇంట్లో ఉన్నాదా?"

ఆ పిల్ల పిండి చేతులతో వచ్చింది. "ఉన్నాను పిన్నీ."

"నువ్వున్నావు, సరే. ఎమ్మెస్సీ ఏదే?"

మామగారు తలుపేసేశాడు. ఆవిడకి పెళ్ళికార్డులు రావడం తగ్గిపోయింది. అయినా వెళ్ళేది.

పోయినేడు మా ఆయన పాల్ పోయారు. అప్పటినుంచీ నాకు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. అప్పుడే మా కోడలు షీబాకి గరివిడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. బీఎడ్ చదివిన పిల్ల. మా అబ్బాయి శాంతికుమార్ అడ్డం పడ్డాడు.

"అమ్మ ఇలగుంటే నువ్వు రైలెక్కి ఎలగెల్తావు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నా చదువు అయిదో తరగతితో మానిపించేశారు, ఆ మంట ఇప్పటికీ ఆరలేదు. ఇప్పుడు నా ఏడుపునే ఆ పిల్ల కాళ్ళకి గొలుసు చేస్తాడా! అరుద్దామంటే నోరు పెగల్లేదు.

కబురు విని వదిన సంచితో దిగింది. చేతిలో వాడి పెళ్ళికార్డే.

"బీఎడ్ అని అచ్చేయించింది నువ్వు గాదేట్రా?"

"అమ్మనెవరు సూస్తారత్తా?"

"నానేటి, గోడ మీద బొమ్మనా?"

"సరే, ఓ వారం సూద్దాం. అప్పటికీ అమ్మ ఇలగే ఉంటే షీబా మానేస్తాది."

షీబా రైలెక్కింది. ఇంట్లో వదిన నాతో ఒకటే పోట్లాట. టీ నీళ్ళలా ఉందని, దుప్పటి మడత వంకరగా ఉందని. నేను పలకలేదు. వారం ముగిసేనాడు ఎండుచేపల పులుసు కాచింది.

"మా తమ్ముడికి నీ పులుసుకంటే నా పులుసే ఇష్టం. పాపం, నీ మొహం సూసి సెప్పనేదు."

"అబద్దం!" నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "నీ పులుసు తిన్నప్పుడల్లా ఇంటికొచ్చి మళ్ళీ అన్నం పెట్టించుకునేవోరు! సముద్రమంతా అందులో ఒంపేసింది మా అక్క అనేవోరు!"

వదిన కోప్పడలేదు. షీబాకి ఫోను కొట్టింది. పిల్లల గోలలోంచి షీబా కంగారుగా, "అత్తకేటయింది?" అంది.

"ఏటీ అవనేదు. మీ అత్త నన్ను తిట్టిందే! నువ్వు నిమ్మళంగా పాఠం సెప్పుకో. మీ ఆయనకి నాను సెప్తాను."

ఫోను పెట్టేసి, పులుసు గిన్నె అవతలికి తోసేసింది.

"మా తమ్ముడు ఆ మాట నా మొహం మీదే అనేవోడు లేవే. లెగు, పులుసు నువ్వు కాయు. ఆకలేస్తన్నాది."