ఒక్క ముద్ద గట్క

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. చీకట్లో ఒంటరిగా వాగు దాటి వచ్చినా నా గుండె అదరలేదు. నాకు పడనిది ఒక్కటే, మురికి. ఎవరైనా నా ఎదుట కళ్లె ఉమ్మితే ఆ పూట అన్నం దిగేది కాదు. అత్త నన్ను "సుద్దపూస" అని ఎక్కిరించేది.

మాది ఎల్లారెడ్డి దగ్గర పల్లె. నిజాంసాగర్ కట్టి పదేళ్లు దాటినా ఆ నీళ్లన్నీ బాన్సువాడ దిక్కే పోయాయి. మాకు వానే దిక్కు. ఆ ఏడు తొలకరి పడి, జొన్న విత్తాలనగా, మాకున్న ఒక్క జతలో ఒక కోడె మేత ముట్టడం మానేసింది. జబ్బ మీద వాపు. నొక్కితే తోలు కింద ఎండుటాకులు నలిగినట్టు చిటపట. దగ్గరికి పోతే పులిసిన వెన్న కంపు. కోడె పోతే విత్తడం లేదు, విత్తకపోతే ఇంట్లో గింజ లేదు.

మా ఆయన పశువుల డాక్టరు కోసం కామారెడ్డికి నడిచి వెళ్లాడు. బండి కట్టడానికి రెండో ఎద్దు ఉంటే కదా! అత్త ఊరుకోలేక, తనకు అన్న వరుసయ్యే బాలయ్యను పిలిపించింది. నాకు పెద్దనాయన వరుస.

ఆయన చేయి పెడితే పశువు లేస్తుందని చుట్టుపక్కల పేరు. మంత్రం లేదు, మందు లేదు. రోగం ఉన్నచోట కుడి అరచేయి ఆనించి కూర్చుంటాడు, అంతే. మనిషి మాత్రం ఒట్టి మురికి. ముక్కుపొడి కారి మీసాల్లో చారలు. పళ్లు లేని నోటి మూలల్లో ఎప్పుడూ చొంగ. కోడె మూతి నుంచి కారి చేతికంటిన నురగను పంచెకే తుడుచుకుంటున్నాడు.

ఆయనకొక నేమం ఉంది. పశువు రోగం ఆ చేతిలోకి వస్తుందట. అందుకని మర్నాడు పొద్దు పొడిచేదాకా ఆ చేయి తన నోటికి తాకకూడదు. పశువుగలవాళ్ల ఇంటి ఆడమనిషే తినిపించాలి.

పొద్దున కూర్చున్నవాడు మధ్యాహ్నం దాటాక లేచాడు. కోడె నెమరు వేస్తోంది. నేనే జబ్బ నొక్కి చూశాను. చప్పుడు లేదు.

"నీ చేత్తోని తినిపియ్యి బిడ్డా," అని చెప్పి అత్త గడ్డికి పోయింది. జొన్న రవ్వ ఉడికించిన గట్కలో పచ్చిపులుసు కలిపి ఒక్క ముద్ద పెట్టాను. ఆయన చిగుళ్లు నా వేళ్లను పట్టాయి. చొంగ మణికట్టు దాకా జారింది. డోకు ఆపుకుని గిన్నె ఆయన ముందు పెట్టేశాను.

"చేతులు కడుక్కొని మీరే తినుండ్రి పెద్దనాయనా. ఎవలు జూస్తరు?"

"గట్లొద్దు బిడ్డా. దాని రోగం ఇంకా నా చేతిలున్నది."

నేను వినలేదు. బూడిద తెచ్చి, నీళ్లు పోసి, మోచేతుల దాకా తోమించాను. చేతి మీద చిన్న గాటు కూడా లేదు. ఆయన కొంతసేపు గిన్నె వైపు చూశాడు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. తిన్నాడు. అత్త వచ్చి అడిగితే తినిపించానని చెప్పాను. ఆయన తల వంచుకుని పంచెకు చేతులు తుడుచుకున్నాడు.

తెల్లారేసరికి, మా అరుగు మీదే పడుకున్న ఆయన కుడి జబ్బ ఉబ్బింది. కాపడం పెట్టమంటే పెట్టాను. గుడ్డ ఆనించగానే తోలు కింద చిటపటమంది. అదే చప్పుడు, అదే కంపు.

అత్త ఏడుస్తూ ఆయన్నే అడిగింది. "అన్నా, నిజం జెప్పు, నా కోడలు తినిపిచ్చిందా లేదా?"

ఆయన నా వైపు చూడలేదు. "తినిపిచ్చింది చెల్లె. సల్లని చెయ్యి."

మూడో నాడు పోయాడు. ఆ సాయంత్రమే మా ఆయన తిరిగి వచ్చాడు. డాక్టరు రాలేదు, రెండు మాటలు చెప్పి పంపాడట. ఆ వాపు వచ్చిన పశువు బతకదు. ఆ రోగం మనుషులకు రాదు. అప్పటికి కోడె కొట్టంలో గడ్డి నములుతోంది.

ముసలి ప్రాణం అనుకున్నాను, పురుగేదో కుట్టిందనుకున్నాను. ఏదీ ఆ చప్పుడుకు సరిపోలేదు. ఇంకో పది ముద్దలు పెట్టి ఉంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తెలియదు.

కోడె మరో ఏడేళ్లు మా చేను దున్నింది. గడ్డి వేస్తుంటే నా చేయి నాకేది. వెంటనే పోయి బూడిదతో తోముకునేదాన్ని. రోత దాని మీద కాదు.